కాలవ వైపు వాటం

కిందటి వారం మనం ఫ్లారెన్స్‌ను శాంతిపురంలో, కృష్ణప్ప గ్రానైట్ షెడ్డు గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. తెల్లకారు వచ్చి ఆగింది. అందులోంచి యూనివర్సిటీ క్రీడామండలి కార్యదర్శి సుబ్రమణ్యం దిగాడు. ఆదివారం పూట ఇల్లు వదిలి, తిరుపతి నుంచి ఇంతదూరం ఆయన పలకరించి పోదామని రాడు. ఆ సంగతి షెడ్డులో ఉన్న ఆడపిల్లలందరికీ తెలుసు. కారు తలుపు చప్పుడుకే లోపల స్టిక్కుల చప్పుడు ఆగిపోయింది.

కథ మధ్యలో అందుకున్నవాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం కాలేజీల పిల్లలు కలిసి యూనివర్సిటీకి ఐస్ హాకీ జట్టు కట్టి మూడేళ్ళు కావస్తోంది. ఈ మూడు ఊళ్ళలో ఐసు కనిపించేది పండ్లరసం అంగట్లోనూ చేపల పెట్టెలోనూ మాత్రమే. అయినా కట్టారు. కృష్ణప్ప తన పాత షెడ్డులో, అమ్ముడుపోక మిగిలిన నల్లరాతి పలకలు పరిపించి, మెషిన్ పెట్టి నున్నగా పాలిష్ పట్టించి ఇచ్చాడు. దానిమీద నీళ్ళు చిలకరించి, చక్రాల బూట్లు కట్టుకుని తిరిగితే ఇంచుమించు ఐసు మీద తిరిగినట్టే కాళ్ళు జారతాయి. శనివారం సాయంత్రం బస్సులెక్కి కుప్పం హాస్టల్‌కు చేరుకోవడం, ఆదివారం మెషిన్లు ఆగిన పూట షెడ్డులో ఆడుకోవడం వాళ్ళకు అలవాటైపోయింది. ఫ్లారెన్స్ మాత్రం తెల్లవారే కుప్పం చర్చిలో మొదటి ఆరాధనకు పోయి, అక్కణ్ణుంచి నేరుగా వస్తుంది. వాళ్ళమ్మ జెమీమాకు ఇచ్చిన మాట అది. జెమీమా మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి నర్సు, మాట తప్పితే ఊరుకునే మనిషి కాదు.

పోయిన వారం ఈ జట్టు బెంగళూరు పోయి, అసలైన ఐసు మీద, అక్కడ ఐస్ హాకీ నేర్పే అకాడమీ పిల్లలతో ఒక ఆట ఆడింది. ఏడు, సున్నా. ఏడు వాళ్ళవి, సున్నా మనది.

ఇక ఈ వారం సంగతి.

సుబ్రమణ్యం చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే మనకు సుఖంగా ఉండేది, నాలుగు తిట్టి ఊరుకునేవాళ్ళం. ఆయన అందరినీ పేర్లు పెట్టి పలకరిస్తాడు, తిన్నారా అని అడుగుతాడు, ఆ తర్వాత చెప్పాల్సింది చెబుతాడు. నవ్వుకుంటూ షెడ్డులోకి వచ్చి, నల్లరాతి మీద కాలు పెట్టబోయాడు.

"సార్, బూట్లు ఆడ ఇడిసి రండి," అంది యమున.

యమున పెద్దపంజాణి దగ్గర పల్లెలో పట్టుపురుగులు పెంచే ఇంటి పిల్ల, పుంగనూరు కాలేజీలో చదువుతుంది. ఈ జట్టులో అందరికంటే గట్టిగా కొట్టేది ఆమే. కార్యదర్శి అయినా కలెక్టరైనా ఆమె మాట తీరు మారదు.

"ఏమ్మా, నేను బూట్లు విప్పాలా?"

"ఇసక పడితే చక్రాలు పట్టేస్తాయి సార్. మా పీడీ సారు కూడా ఇడిసే వస్తాడు."

పీడీ సారంటే పుంగనూరు కాలేజీ వ్యాయామం మాస్టరు ధనుంజయ, ఈ జట్టును చేరదీసినవాడు. ఆయన ఒక పక్కన చెప్పుల్లేకుండా నిలబడి, యమున నోటికి లోలోపల సంతోషిస్తూ, పైకి ఇబ్బంది పడుతున్నట్టు ముఖం పెట్టాడు. సుబ్రమణ్యం బూట్లు విప్పి మేజోళ్ళతో లోపలికి వచ్చాడు. నేలంతా తడి. నాలుగు అడుగులు వేసేసరికి మేజోళ్ళు తడిసి ముద్దయ్యాయి. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వు మింగేశారు.

"మీరు మీ పని చూసుకోండమ్మా. ఫ్లారెన్స్, నువ్వొకసారి ఇట్లా రా," అన్నాడు.

ధనుంజయను కూడా రమ్మన్నాడు. ముగ్గురూ గోడవార పేర్చిన పలకల దగ్గర నిలబడ్డారు. మిగతా పిల్లలు పొడవాటి రబ్బరు కర్రలతో నేలమీద నీళ్ళు తోయడం మొదలుపెట్టారు. చేతులు నేలమీద, చెవులు ఇటువైపు.

"సూటిగా చెప్తాను. వచ్చే నెల పోటీలకు మన యూనివర్సిటీ తరఫున అకాడమీ పిల్లలు పోతారు. వాళ్ళందరూ ఈ ఏడాది మన కాలేజీల్లోనే చేరారు, రూలు ప్రకారం ఏ అడ్డూ లేదు. కానీ వాళ్ళకు గోల్‌కీపరు లేదు. ఆ రోజు వాళ్ళ గోల్లో నిలబడింది రింకులో, అంటే ఆ ఐసు మైదానంలో, పనిచేసే మనిషి, మన విద్యార్థి కాదు. నువ్వు కావాలి. ఏడు పడ్డా, నువ్వు ఆపినవి ఎన్నో నేను చూశాను. నీ టికెట్టు, నీ సామాను, అన్నీ యూనివర్సిటీ చూసుకుంటుంది."

ఫ్లారెన్స్‌కు సంతోషం కలిగింది. దాచిపెట్టాల్సిన పనేమీ లేదు, కలిగింది. ఇది ఆమెకు ఆఖరి ఏడాది. ఈసారి పోకపోతే ఇక ఎప్పటికీ లేదు. మంచుకొండల నడుమ, వెలుతురు విరజిమ్మే పెద్ద రింకులో, వీపు మీద యూనివర్సిటీ పేరుతో మళ్ళీ నిలబడాలని మొదటేడు పోటీ నుంచీ కోరుకుంటోంది. ఆ కోరిక తీరబోతోందన్న మాట చెవిన పడగానే ఒళ్ళు పులకరించింది. మరుక్షణం వెనకనుంచి రబ్బరు కర్ర నేలను గీకిన చప్పుడు వినిపించి, సిగ్గేసింది.

"మావాళ్ళు, సార్?"

"వాళ్ళకు నేనేం చెప్పాలో తెలియక నిన్ను ముందు పిలిచాను. నీకు తెలియంది కాదు కదమ్మా. మొదట్లో ఇది ఆటల్లో అరటిపండు. స్టిక్కు పట్టుకుని వచ్చినవాళ్ళంతా ఆడేశారు. ఇప్పుడు పందొమ్మిది యూనివర్సిటీలు. గ్రూపులు, పాయింట్లు, టీవీలో ప్రసారం. బయటిదేశం నుంచి రెఫరీలు వస్తున్నారు. అక్కడ ఏడు సున్నాతో నిలబడితే నవ్వేది మిమ్మల్ని చూసి కాదు, యూనివర్సిటీని చూసి."

ఫ్లారెన్స్‌కు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

"మొదటేడు ఎన్ని టీములు వచ్చినాయి సార్?"

"నాలుగు."

"దాంట్లో ఒకటి మేము."

"అవునమ్మా. నాలుగోది." ఆయన కొంచెం నవ్వాడు. నాలుగు జట్లలో నాలుగో స్థానం. జిల్లా పేపరు మాత్రం 'జాతీయ పోటీల్లో నాలుగో స్థానం' అని ఫొటోతో సహా వేసింది. ఆ కాగితం కృష్ణప్ప ఆఫీసు గదిలో ఇప్పటికీ అంటించి ఉంది.

"నాలుగు టీముల కన్నా తక్కువ వస్తే పోటీ పెట్టకూడదని మీ రూలే ఉండాది కదా సార్. ఆ యేడు మేము పోకపోతే మూడే ఉండేవి. పోటీయే లేదు. ఐసు మింద సరిగ్గా నిలబడేది కూడా రాదు మాకి, పడతా లేస్తా ఆడినాము, పోటీ జరిగింది. జరిగింది కాబట్టే మరుసటేడు ఇంకా నలుగురు వచ్చినారు. ఈ పొద్దు పందొమ్మిది అంటాండారే, అవి యాడినుంచి వచ్చినట్లు? లేనప్పుడు మేము కావల్ల, పెరిగినాక మేము పనికిరామా?"

రబ్బరు కర్రల చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. ధనుంజయ తలొంచుకుని పలక అంచును గోటితో గీకుతున్నాడు. సుబ్రమణ్యం ముఖంలో నవ్వు పోయింది, కానీ కోపం రాలేదు. ఆ మాటలో నిజం ఉందని ఆయనకు తెలుసు. తెలిసినా ఏమీ చేయలేనివాళ్ళు గొంతు సవరించుకుంటారు. ఆయనా అదే చేశాడు.

"నువ్వన్నది కాదనను. కానీ ఆ రోజు బెంగళూరులో నేనూ కూర్చుని చూశాను కదా. ఏడు పడ్డందుకు కాదు నా బాధ. మీవాళ్ళు కొట్టిన ఒక్క దెబ్బ కూడా గోలు మీదకు రాలేదు. ఒక్కటంటే ఒక్కటి. అన్నీ బయటికే. ఆ నిలబడ్డ మనిషి కుర్చీ వేసుకుని కాఫీ తాగినా సరిపోయేది. అట్లాంటి వాళ్ళను నేను ఏ ముఖం పెట్టుకుని పంపేది?"

ఆయన భుజం మీదుగా ఫ్లారెన్స్ చూపు షెడ్డు నడుమకు పోయింది. అక్కడ కుప్పం పిల్ల పద్మావతి, ఏమీ విననట్టు నటిస్తూ, బకెట్టుడు నీళ్ళు నేలమీద కుమ్మరించింది. నీళ్ళు ఒక్క క్షణం గుండ్రంగా పరుచుకున్నాయి. ఆ తర్వాత, రోజూ పోయినట్టే, గోలు వైపు తిరిగి నిలబడితే ఎడమపక్కన గోడవార ఉన్న కాలవలోకి తాపీగా జారిపోయాయి.

రోజూ చూసేదే. ఆ నీళ్ళు అటు పోతాయనే పిల్లలు అటువైపే తోస్తారు. ఫ్లారెన్స్ కళ్ళు ఆ తడిగీత మీదే ఆగిపోయాయి.

"యా పక్కకి పోయినాయి సార్?"

"ఏమిటి?"

"బైటికి పోయినాయి అంటిరి కదా మావాళ్ళ దెబ్బలు. యా పక్కకి?"

సుబ్రమణ్యం కళ్ళు చికిలించి గుర్తు తెచ్చుకున్నాడు. "కుడి పక్కకి. అవును, అన్నీ గోలు కుడి కమ్మీ పక్కనుంచే పోయాయి."

ఆమె ఇక ఆయనతో మాట్లాడలేదు. గబగబా షెడ్డు నడుమకు నడిచి, జేబులోంచి బిళ్ళ తీసి నేలమీద పెట్టింది. గుండ్రటి నల్లటి రబ్బరు బిళ్ళ. ఆటలో దాని పేరు పక్. ఈ పిల్లలు మొదటిరోజు నుంచీ దాన్ని బిళ్ళ అనే పిలుస్తారు.

"యమునా, ఈడికి రా మే. ఈ అతుకు సూడు." రెండు పలకలు కలిసేచోట సన్నటి గీత, గోలు దాకా దారం పట్టినట్టు తిన్నగా పోతోంది. "బిళ్ళని ఈ గీత మింద పెట్టి మెల్లగా తొయ్యి. గట్టిగా కొట్టద్దు. గీత మిందనే పోవల్ల."

"ఏందే ఇది, చిన్నపిల్లోల్ల ఆట మాదిరి?"

"తొయ్యి మే."

యమున తోసింది. బిళ్ళ గీత మీదే బయల్దేరింది. కొంతదూరం పోయాక గీతను వదిలేసింది. ఇంకొంచెం పోయేసరికి ఎడమకు జరిగింది. నెమ్మదించేకొద్దీ ఇంకా ఎడమకు జరిగి, గోలు దగ్గరికి పోకుండానే కాలవ వైపు ఒరిగి ఆగిపోయింది. యమున ముఖం చిట్లించి, మళ్ళీ తెచ్చి, మళ్ళీ తోసింది. మళ్ళీ అంతే. పిల్లలంతా చుట్టూ మూగారు.

"ఇప్పుడు ఎప్పుడూ కొట్టేటట్లే కొట్టు. గోల్లోకి."

యమున స్టిక్కు ఊపి కొట్టింది. బిళ్ళ రయ్యిమని పోయి వలలో పడింది.

"యాడ సూసి కొడితివి?"

"గోల్లోకే."

"కాదు. మళ్ళా నిలబడు. కొట్టద్దు, ఊరికే నిలబడు. నీ కండ్లు యాడ ఉండాయి, సూసుకో."

యమున కొట్టే భంగిమలో నిలబడి, స్టిక్కు మొన ఎటు చూపిస్తోందో వంగి చూసుకుంది. ఆ మొన వల వైపు లేదు. కుడి కమ్మీకి అవతల, బయట, గోడ మీద ఎర్రరంగుతో ఏదో లారీ నంబరు రాసి ఉన్నచోట ఉంది.

"నేను ఆ నంబరును సూసి కొడతాండాను మే," అంది నెమ్మదిగా.

"అందరమూ అంతే. నేల కాలవ పక్కకి లాగుతాది. మనకి తెలీకుండానే చేతులు కుడికి పోతాండాయి. ఐసు కాడ లాగేది ఏముండాది? నువ్వు సూసిన చోటికే పోయింది. బైటికి."

ఫ్లారెన్స్‌కు తన సొంత సంగతి కూడా అప్పుడే తట్టింది. గోల్లో ఆమె నిలబడేది పిల్లలకు ఎదురుగా, కాబట్టి కాలవ ఆమెకు కుడిపక్క. బిళ్ళ అటే వస్తుందని ఒళ్ళు అటే ఒరుగుతుంది. బెంగళూరులో పడ్డ ఏడింట్లో దాదాపు అన్నీ రెండోపక్క నుంచి దూరిపోయినవే. ఆ సంగతి పైకి చెప్పేసింది.

ఇంత గొడవ విని, పక్కన ఆఫీసు గదిలోంచి కృష్ణప్ప వచ్చాడు. పంచె పైకి కట్టి, చేతిలో టీ గ్లాసుతో.

"ఏమంటాండారు? నా నేల వంకరా?"

"వంకర కాదన్నా, వాటం," అన్నాడు ధనుంజయ.

"వాటం లేకుండా నేల యాడన్నా ఉంటాదా సార్? నీళ్ళు పోవల్లా వద్దా? పాలిష్ షెడ్డు ఇది. మేస్త్రీకి నేను చెప్పను కూడా లేదు, ఆయప్పే పెట్టినాడు. మీ ఇంట్లో లేదా? మీ వంటింట్లో, వాకిట్లో లేదా? వాటం లేకుండా నేల పరిసినోణ్ణి మేస్త్రీ అంటారా ఎవరన్నా?"

ఎవరూ అనరు. అదే వచ్చిన చిక్కు. ఈ ప్రాంతంలో ఇల్లు కట్టినా, పశువుల కొట్టం కట్టినా, చర్చి అరుగు కట్టినా నీళ్ళు నిలవకుండా ఒకపక్కకు వాటం పెట్టి తీరతారు. అది తప్పని ఎవరికీ తోచదు, అసలు అది ఉందనే తోచదు. పైగా షెడ్డు రెండోకొస నిండా కోయని రాళ్ళు ఉన్నాయి కాబట్టి అక్కడ గోలు పెట్టే వీల్లేక, మూడేళ్ళూ ఒక్క గోలుతోనే, ఒక్కవైపే ఆడారు. రెండువైపులా ఆడి ఉంటే బిళ్ళ ఒకసారి ఎడమకూ ఒకసారి కుడికీ జరిగి, మొదటి నెలలోనే ఎవరో ఒకరు నేలను తిట్టుకునేవారు. కృష్ణప్ప అన్నీ విని, గ్లాసు కింద పెట్టి, తల గోక్కున్నాడు.

సుబ్రమణ్యం ఇంతవరకూ దూరంగా నిలబడే చూశాడు. ఇప్పుడు ముందుకొచ్చి, వంగి, బిళ్ళను తన చేత్తోనే గీత మీద పెట్టి తోశాడు. అది కాలవ వైపు ఒరిగిపోయింది. ఇంకోసారి తోశాడు. లేచి నిలబడి చేతులు తుడుచుకున్నాడు.

"కారణం దొరికింది, బాగుంది. కానీ కారణం దొరికినంత మాత్రాన మూడేళ్ళ అలవాటు పోదు కదమ్మా. పోటీలు వచ్చే నెలలోనే."

"ఇంకొక ఆట పెట్టండి సార్," అంది ఫ్లారెన్స్. "వచ్చే ఆదివారం. అదే ఐసు, అదే అకాడమీ పిల్లోళ్ళు. ఎవరు గెలిస్తే వాళ్ళు పోతారు. ఈ వారమంతా కాలేజీకి లీవు పెట్టి ఈడనే ఉంటాము. గోలు రెండోపక్క పెట్టి ఆడతాము, కాలవ పక్కనే పెట్టి ఆడతాము. చేతులు మరిసిపోయేదాకా ఆడతాము."

"పెట్టండి సార్," అన్నాడు ధనుంజయ. ఆయన గొంతు ఎప్పుడూ లేనంత గట్టిగా ఉంది. "మూడేండ్లుగా నేను ఈ నేల మింద నిలబడి వీళ్ళని అరస్తాండాను, సరిగ్గా కొట్టండి, సరిగ్గా కొట్టండి అని. వాళ్ళు సరిగ్గానే కొడతా ఉండిరి. తెలుసుకోలేంది నేను. దానికి పిల్లోళ్ళని ఇంట్లో కూసోబెడితే నేను ఒప్పుకోను."

పై అధికారి ముందు ఒప్పుకోను అనే మాట ధనుంజయ ఉద్యోగంలో చేరాక అనడం ఇదే మొదలు. అన్నాక ఆయనకే ఆశ్చర్యం వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

సుబ్రమణ్యం అందరి ముఖాలూ ఒకసారి చూశాడు.

"సరే. ఆట పెడతాను. ఓడితే?"

"మీరు ఎవర్ని పంపినా మేము నోరెత్తము."

"నువ్వు? ఓడితే నువ్వు వాళ్ళతో పోతావా?"

అంతవరకూ ఆమె పోను అనలేదని అప్పుడు ఫ్లారెన్స్‌కు గుర్తొచ్చింది. యమున ఆమెకేసే చూస్తోంది. అబద్ధం చెప్పడం చేతకాక, "పోతాను సార్," అంది.

"అయితే ఇంకో సంగతి. అకాడమీ వాళ్ళకు గోల్‌కీపరు లేదన్నాను కదా. బయటి మనిషిని నిలబెట్టి ఆడిస్తే అది ఎంపిక ఆట కాదు. రేపు ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబుండదు. కాబట్టి నువ్వు వాళ్ళ గోల్లో నిలబడాలి."

ఆయన మామూలుగానే అన్నాడు. అర్థం కావడానికి పిల్లలకు కొంచెం సేపు పట్టింది.

"ఇదేమి న్యాయం సార్?" అన్నాడు కృష్ణప్ప.

"ఆలోచించండి. ఏ జట్టు పోయినా గోల్‌కీపరు ఈ అమ్మాయే. ఆమె ఎంపిక అయిపోయింది. తేలాల్సింది మిగతావాళ్ళ సంగతి. వీళ్ళు గోలు కొట్టగలరా లేదా అన్నదే నా ప్రశ్న. మన దగ్గరున్న మంచి గోల్‌కీపరును దాటించి కొడితే నాకు ఇంకే అనుమానమూ ఉండదు. మీ గోల్లో ఎవరిని నిలబెట్టుకుంటారో మీ ఇష్టం." ఆయన ఫ్లారెన్స్ వైపు తిరిగాడు. "ఒక్కమాట. కావాలని ఒక్కటి వదిలావని నాకు అనిపిస్తే, ఆట అక్కడే ఆపేస్తాను."

ఆ షరతులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అందుకే ఫ్లారెన్స్‌కు ఒళ్ళు మండింది. ఆమె ఎంత బాగా ఆడితే తనవాళ్ళు అంత ఖాయంగా ఇంట్లో కూర్చుంటారు. సరిగా ఆడకపోతే మోసం చేసినట్టు, అప్పుడూ ఇంట్లోనే కూర్చుంటారు. వీళ్ళలో ఎవరు ఎప్పుడు ఎటు తిరుగుతారో, ఎవరికి ఏ చెయ్యి తడబడుతుందో ఆమెకు తెలిసినట్టు ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈయన ముందు ఏడవకూడదని పళ్ళు బిగించింది.

యమున చక్రాల మీద జారుతూ వచ్చి ఆమె ఎదురుగా ఆగింది.

"ఒప్పుకో."

"నీకు తెలీదా మే? నువ్వు యాడ కొడతావో నాకి కండ్లు మూసుకున్నా తెలుసు."

"నీకి తెలిసింది కాలవ పక్క కొట్టే దెబ్బ. ఈ పొద్దు నుంచి అది ఉండదు కదా." యమున గొంతు తగ్గించలేదు, అందరికీ వినిపించేలాగే చెప్పింది. "ఒక్కటి కూడా వదలద్దు. నువ్వు వదిలిన గోలుతో గెలిసేదాని కన్నా ఓడి ఇంటికి పొయ్యేది మేలు మాకి. నిలబడు. నిన్ను దాటించే కొడతాము."

పద్మావతి స్టిక్కును నేలమీద ఒకసారి తాటించింది. పక్కపిల్ల తాటించింది. షెడ్డంతా ఆ చప్పుడు నిండింది. ఆటలో ఒప్పుదలకు గుర్తు అది, ఎవరు నేర్పారో ఎవరికీ గుర్తులేదు. ఫ్లారెన్స్ ముక్కు తుడుచుకుని సుబ్రమణ్యం వైపు తిరిగింది.

"నిలబడతాను సార్. ఒక్కటి కూడా వదలను. అయినా మావాళ్ళు గెలుస్తారు. గెలిసినాక మీరు పేపరోళ్ళ ముందర ఒక మాట చెప్పల్ల. మొదటేడు నాలుగో టీము మేమని, మేము పోకపోతే ఈ పోటీయే లేదని."

"చెప్తాను," అన్నాడు సుబ్రమణ్యం. ఆ మాట మీద ఆయన నిలబడతాడని ఆమెకు నమ్మకం కలిగింది, దాంతో కోపం ఇంకొంచెం పెరిగింది. ఆయన గుమ్మం దగ్గర కూర్చుని, మేజోళ్ళు విప్పి పిండుకుని, ఉత్తకాళ్ళకే బూట్లు తొడుక్కుని కారెక్కాడు.

కారు మలుపు తిరగకముందే షెడ్డులో పని మొదలైంది. కృష్ణప్ప క్రేను డ్రైవరుకు ఫోను చేసి, ఆదివారం లేదు గీదివారం లేదు, వెంటనే రమ్మన్నాడు. రెండోకొసన రాళ్ళు జరిపిస్తానన్నాడు. పిల్లలు గోలును ఎత్తి కాలవ వైపుకు మోసుకుపోయారు. ధనుంజయ ఎప్పటిలాగే అరవడం మొదలుపెట్టాడు, ఈసారి ఏమని అరవాలో తెలిసిన ఉత్సాహంతో.

ఫ్లారెన్స్ ఓ మూల కూర్చుని, అలవాటు కొద్దీ, బిళ్ళ దెబ్బ తగలకుండా కాళ్ళకు కట్టుకునే మెత్తలు కట్టుకుంటోంది. ఒక కాలు కట్టడం అయింది. రెండోది కడుతుంటే ఎదురుగా నీడ పడింది. తలెత్తితే యమున.

"ఏమి చేస్తాండావు?"

"గోల్లో నిలబడద్దా?"

"ఎవరి గోల్లో?"

ఫ్లారెన్స్ చేతులు ఆగిపోయాయి. అన్నీ ఆలోచించింది కానీ ఇది ఆలోచించలేదు. యమున వంగి, ఆమె కట్టుకున్న మెత్తను తనే విప్పింది. విప్పేటప్పుడు చేతులు మెత్తగానే ఉన్నాయి, మాట మాత్రం మెత్తగా లేదు.

"బైటికి పో మే. ఈ వారం మా ఆట నువ్వు సూడకూడదు. సూస్తే అందరి దెబ్బలూ నేర్సుకుంటావు. నువ్వు నేర్సుకోకుండా ఉండలేవు, నాకి తెలుసు. మదనపల్లెకి పోయి ఆడ నీకి నువ్వే తయారు కా. ఆదివారం బెంగళూరులో కలుద్దాము."

పద్మావతి ముఖం అటు తిప్పుకుంది. ఫ్లారెన్స్ మెత్తలూ, గోల్లో ముఖానికి తొడుక్కునే ముసుగూ సంచిలో కుక్కుకుని, భుజాన వేసుకుని, తనే గుమ్మం దాటింది. వెనకాల యమున రెండు చేతులతో ఇనుప షట్టరు పట్టి కిందికి లాగింది. అది గరగరమంటూ వచ్చి నేలకు తగిలింది.

బయట ఎండ దంచుతోంది. రాతిపొడి పడి తెల్లబడ్డ కంపచెట్ల పక్కన, బస్సు రోడ్డు వైపు పోకుండా ఆమె అలాగే నిలబడిపోయింది. లోపల ఆట మొదలైంది. ఒక దెబ్బ పడింది. అది యమునది, బరువుగా ఉంటుంది. ఇంకోటి పద్మావతిది, కొట్టేముందు స్టిక్కు ఒకసారి నేలను రాస్తుంది. మూడేళ్ళు ముసుగు వెనక నిలబడి విన్న చప్పుళ్ళు ఒక్కొక్కటే వచ్చి, ఒక్కొక్క పిల్ల పేరు చెప్పి పోతున్నాయి.

ఆ తర్వాత ఇంకొకటి పడింది. పొట్టిగా, పొడిగా, ఊపే లేకుండా. వెంటనే వల వెనక కమ్మీ ఖంగుమంది. లోపల అందరూ ఒక్కసారిగా కేకపెట్టారు. ఎవరో గబుక్కున ష్ అన్నారు, కేక తెగిపోయింది.

ఫ్లారెన్స్ షట్టరుకు చెవి ఆనించబోయి, చటుక్కున ఆగి, రెండు అడుగులు వెనక్కి వేసింది. ఆ దెబ్బ ఎవరిదో ఆమెకు తెలియలేదు. వచ్చే ఆదివారం అది తన మీదికే వస్తుంది.